టిక్కు పెట్టని గడి

కిందటి వారం మీరు నన్ను ఆఫీసు మెట్ల మీద వదిలి వెళ్ళారు. అక్కడే ఉన్నాను. తమ్ముడు సంతకం పెట్టేలోగా పైకి చేరతానో లేదో అని ఒక్కో మెట్టునూ తిట్టుకుంటూ ఎక్కుతున్నాను. కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. పాతవాళ్ళు విసుక్కోకండి, వారం రోజుల్లో మీరూ సగం మరిచిపోయే ఉంటారు.

మాది కిడ్నీ రోగులను ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి చేర్చే వ్యాన్ల కంపెనీ. వ్యాన్ కావాలంటే రోగులు ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఒక ఫారం నింపాలి. ఆ ఫారం తయారుచేసే గదిలో నేను పనిచేస్తాను. ఆ వ్యాన్లలో ఒకటి మా తమ్ముడు నడుపుతాడు. ఫారంలో ‘నా వెంట తోడు మనిషి ఉన్నారు’ అని ఒక గడి ఉంటుంది. అందులో టిక్కు పెడితే డ్రైవరు కిందే ఆగుతాడు, ఇంట్లోవాళ్ళే రోగిని దింపుకుని తీసుకురావాలి. టిక్కు పెట్టకపోతే డ్రైవరు పైకి వెళ్ళి, చెయ్యి పట్టుకుని దింపాలి. మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే ఒక టీచరమ్మ ఆ గడిలో ఏనాడూ టిక్కు పెట్టలేదు. పెట్టడానికి ఆవిడకు మనిషంటూ ఉండాలిగా. ఆ రోజు మాత్రం మా తమ్ముడి స్క్రీన్ మీద ‘తోడు ఉన్నారు’ అని వచ్చింది. ఆ వీధి వాడికి కొత్త. హారన్ కొట్టాడు, ఫోన్ చేశాడు, ఎవరూ దిగకపోతే రూలు ప్రకారం తర్వాతి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆవిడ ఫోన్ లోపలి గదిలో ఉంది, లేచి వెళ్ళే ఓపిక లేదు. తలుపు దగ్గర కుర్చీలో వాడి కోసం ఎదురుచూసి ఎదురుచూసి అక్కడే పడిపోయింది. ఇప్పుడు ఆసుపత్రిలో గొట్టాల మధ్య ఉంది. మా డైరెక్టరు, అంటే ఆఫీసులో అందరూ పెద్దాయన అనే మనిషి, ‘నిర్లక్ష్యం నాదే’ అన్న కాగితం ఒకటి టైపు చేయించి మా తమ్ముడి సంతకం కోసం కూర్చున్నాడు.

ఇదీ కథ. ఇక పైకి వెళ్దాం.

ముందు గదిలో బెంచీ మీద తమ్ముడు కూర్చుని ఉన్నాడు. కంపెనీ చొక్కా విప్పించేశారు. ఎవరిదో స్వెట్టరు తొడుక్కున్నాడు, చేతులు పొట్టిగా ఉన్నాయి. నన్ను చూడగానే నవ్వాడు.

“ఎందుకక్కా ఇంత ఆయాసపడి రావడం? ఏం కాలేదు.”

వాడి బుద్ధే అంత. ఇల్లు అంటుకున్నా ‘ఏం లేదులే, కాస్త పొగ’ అంటాడు.

“సంతకం పెట్టావా?”

“ఇంకా లేదు. భోజనాలయ్యాక పిలుస్తానన్నారు. పెట్టేస్తాను. ఓ గొడవ వదిలిపోతుంది.”

“గొడవ వదలదురా, మెడకు చుట్టుకుంటుంది. తప్పు నాదేనని నువ్వే రాసిచ్చాక లైసెన్సు ఉంటుందా? ఆవిడకేమన్నా అయితే నిన్ను లోపలేస్తారు. ఆ సంగతి తెలుసా నీకు?”

“ఎక్కి ఉండాల్సిందే కదక్కా. స్క్రీన్ ఏం చెప్తే ఏంటి, నాకు కాళ్ళు లేవా?” అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాడు ఏడ్చాడు, నేను రాకముందు ముఖం కడుక్కున్నాడు.

చిన్నప్పటి నుంచీ వాడి మంచితనం నా ప్రాణానికి వచ్చింది. పక్కవాళ్ళు అద్దం పగలగొడితే వీడు వెళ్ళి దెబ్బలకు చెయ్యి చాపేవాడు. ఎందుకురా అంటే, ఎవరో ఒకరు తినాలి కదా అనేవాడు. చెంప పగలగొట్టాలనీ, దగ్గరకు తీసుకోవాలనీ రెండూ ఒకేసారి అనిపించింది. రెండూ చేయలేదు.

“స్క్రీన్ మీద ‘తోడు ఉన్నారు’ అని నువ్వు నీ కళ్ళతో చూశావా?”

“నీ మీద ఒట్టు.”

“అయితే నేను వచ్చి చెప్పేదాకా పెన్ను ముట్టుకోకు.”

“పెద్దాయన కోప్పడితే?”

“మా అక్క చంపేస్తుందని చెప్పు.”

మా గదిలో ఉండేది ముగ్గురం. నేను, మావారు, మావారి మేనమామ. ఇంట్లో ఆయన నాకు మావయ్యగారు, ఆఫీసులో మాస్టారు. మిగతా అందరికీ పొదుపు మాస్టారు. డబ్బు దగ్గర కాదు ఆ పొదుపు, అక్షరాల దగ్గర. ప్రోగ్రాం రాసేటప్పుడు ఒక్కో సమాచారాన్నీ ఒక్కో గిన్నెలో దాచి, గిన్నెకో పేరు పెడతాం. దాన్ని మేము వేరియబుల్ అంటాం. మాస్టారు గిన్నెలకు పెట్టే పేర్లు కె, క్యూ, జెడ్. మరీ ధారాళంగా ఉన్న రోజున కె టూ. నేను పెట్టే పేర్లు ఎవరు చదివినా అర్థమయ్యేలా ఉంటాయి. పొడుగ్గా ఉంటాయి, ఒప్పుకుంటాను. “పెళ్ళి శుభలేఖలా ఉందమ్మాయ్ నీ కోడు” అంటారాయన. “మీది డాక్టరు చీటీలా ఉంది” అంటాను నేను. ఏళ్ళ తరబడి ఇదే తగవు. మధ్యలో మావారు నలిగిపోయేవారు. పెళ్ళికి ముందు మేనమామ పద్ధతిలో రాసేవారు. పెళ్ళయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో పేరూ చెప్పి, నా పద్ధతికి మార్చుకున్నాను. ఎంత మురిసిపోయానో అప్పట్లో.

నేను వెళ్ళేసరికి మాస్టారు ఒక్కరే ఉన్నారు. మావారు భోజనం డబ్బా కడుక్కోవడానికి వెళ్ళారట.

“మాస్టారూ, మన ఫారం అబద్ధం చెప్తోంది.”

“ఫారాలు అబద్ధం చెప్పవమ్మాయ్. డ్రైవర్లు చెప్తారు” అన్నారు. ఆ డ్రైవరు ఎవరో గుర్తొచ్చి నాలిక కరుచుకున్నారు. “అంటే, మామూలుగా అంటున్నా.”

“మామూలుగా అన్నా నాకు తగిలింది. లేవండి, పరీక్ష చేద్దాం.”

ఆయన లేవలేదు కానీ కుర్చీ జరిపారు. ఫారం తెరిచి, తోడు గడిలో టిక్కు పెట్టకుండా పంపాను. పరీక్షల కోసం గదిలో పెట్టుకున్న వ్యాన్ స్క్రీన్ మీద ‘తోడు లేరు’ అని వచ్చింది. ఆయన ప్రోగ్రాం ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. టిక్కు పెట్టి పంపాను. ‘తోడు ఉన్నారు.’ ఆయన మళ్ళీ ఆపి మొదలుపెట్టారు. టిక్కు లేకుండా పంపాను. ‘లేరు.’ ప్రతి పరీక్షకూ ముందు ప్రోగ్రాంను కొత్తగా మొదలుపెట్టడం ఆయన అలవాటు. వడ్డనకు ముందు చేతులు కడుక్కున్నంత నిష్ఠగా చేస్తారు, మా అందరికీ అదే నేర్పారు.

“చూశావుగా. నిక్షేపంలా ఉంది” అన్నారు.

బయట బెంచీ మీద పొట్టి చేతుల స్వెట్టరు కళ్ళ ముందు మెదిలింది. ఏం తోచక తగవు పెట్టుకున్నాను. నాకు ఏం తోచకపోతే వచ్చేది అదొక్కటే.

“నిక్షేపమా? ఇందులో ఎక్కడో మీ పాత కె ఉంటుంది. అది దేని కోసమో మీకూ గుర్తుండదు. దాని వల్లే అయ్యుంటుంది. అక్షరాలకేమన్నా అద్దె కడుతున్నారా మాస్టారూ? పూర్తి పేరు రాస్తే మీ సొమ్మేం పోయింది?”

“నా కె మీద పడి ఏడవకు. నా కె ఇన్నాళ్ళూ ఒక్కరిని కూడా ఇబ్బంది పెట్టలేదు. పేరు పొట్టిదైతే మనిషి జాగ్రత్తగా చూస్తాడు. వంటింట్లో డబ్బా మీద పంచదార అని రాసుంటే మూత తీసి చూస్తావా? చూడవు, తీసి పోసేస్తావు. ఏమీ రాయకపోతే వేలు పెట్టి నాకి చూస్తావు. నేను మనుషుల చేత నాకించి చూపిస్తాను. నువ్వు కళ్ళు మూసుకుని పోయిస్తావు.”

“అత్తయ్యగారు అన్ని డబ్బాల్లోనూ వేలు పెట్టుకుంటూ కూర్చుంటే మీకు కాఫీ ఎప్పుడందుతుంది?”

“మీ అత్తయ్య సంగతి ఎందుకు ఇప్పుడు?”

“మీరే కదా వంటింట్లోకి తీసుకెళ్ళారు!”

ఇలా అరుచుకుంటూనే నా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. టిక్కు పెట్టి ఒక ఫారం పంపాను. ఆ ఊపులోనే టిక్కు లేకుండా ఇంకొకటి పంపాను. తగవులో పడి మాస్టారు ప్రోగ్రాం ఆపి మొదలుపెట్టడం మరిచిపోయారు. స్క్రీన్ వైపు చూసి మాట మధ్యలో ఆగిపోయాను.

‘తోడు ఉన్నారు.’

“మాస్టారూ, నేను టిక్కు పెట్టానా ఇప్పుడు?”

“లేదు” అన్నారు. కళ్ళజోడు సవరించుకున్నారు. “ఇంకోటి పంపు.”

పంపాను, టిక్కు లేకుండా. ఉన్నారు. మళ్ళీ పంపాను. ఉన్నారు. ఎన్నిసార్లు పంపినా ఉన్నారు, ఉన్నారు, ఉన్నారు. తలుపు దగ్గర కుర్చీలో టీచరమ్మ గుర్తొచ్చింది. ఆ వెంటనే లోపల ఎక్కడో ఒక ఆనందం కూడా పొంగింది. దాచుకోవడం దేనికి, గంతులేయాలనిపించింది. నా తమ్ముడు అబద్ధం చెప్పలేదు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. వెబ్ ఫారంలో టిక్కు పెట్టని గడి ‘లేదు’ అని చెప్పదు. అసలేమీ చెప్పదు. ఫారం మన దగ్గరకు వచ్చేసరికి ఆ గడి ఉన్నట్టే ఉండదు. ఆ మౌనాన్ని ‘లేదు’ అని అర్థం చేసుకోవాల్సిన పూచీ ప్రోగ్రాం రాసేవాళ్ళది. మాస్టారి పాత కోడులో అందుకో ఏర్పాటు ఉండేది. ప్రతి ఫారం రాగానే ముందు గిన్నె కడిగి, అందులో ‘లేరు’ అని పెట్టేవారు. టిక్కు వచ్చి ఉంటేనే దాన్ని ‘ఉన్నారు’ అని మార్చేవారు. కోడు తెరిచి చూస్తే ఆ కడిగే లైను అక్కడ లేదు. ఎవరో దాన్ని తీసుకెళ్ళి ప్రోగ్రాం మొదట్లో, మిగతా పేర్లన్నిటితో పాటు, వరసగా, ముచ్చటగా పెట్టారు. అంటే ప్రోగ్రాం మొదలైనప్పుడు గిన్నె ఒక్కసారి కడుగుతారు, అంతే. ఆ తర్వాత ఎవరైనా టిక్కు పెట్టారా, ఆ ‘ఉన్నారు’ గిన్నెలోనే ఉండిపోతుంది. తర్వాత వచ్చే ఒంటరివాళ్ళందరికీ అదే వడ్డిస్తుంది. ఎవరికో ఉన్న కొడుకునో కోడలినో తీసుకెళ్ళి, ఎవరూ లేని టీచరమ్మ పక్కన నిలబెట్టింది మా ఫారం. ప్రతిసారీ ప్రోగ్రాంను కొత్తగా మొదలుపెట్టి పరీక్ష చేసే మా నిష్ఠాపరులకు అది ఎలా దొరుకుతుంది? బయట నడిచే ప్రోగ్రాంను ఎవరూ మాలాగా ఫారం ఫారానికీ ఆపి మొదలుపెట్టరు కదా.

“ఇది నా కె కాదు” అన్నారు మాస్టారు. ఆ గొంతులో గెలిచిన సంబరం లేకపోలేదు.

కాదు. కె పోయి, దాని చోట కొత్త పేరు వచ్చింది. మేము రాసేది ఇంగ్లీషులో, మీ కోసం తెలుగు చేసి చెబుతున్నాను: ‘ఈ రోగి వెంట తోడు మనిషి ఉన్నారు.’ అంత స్పష్టంగా, పసిపిల్ల చదివినా తెలిసేలా. నేను పెట్టే పేర్లే అలా ఉంటాయి. అది ‘ఈ రోగి’ గురించి చెప్పడం మానేసి, ఇంతకుముందు వచ్చిన రోగి గురించి చెబుతోంది.

“ఈ మార్పు చదివి సరే అన్నదెవరు?” అన్నాను. మా గదిలో ఒకరు రాసింది ఇంకొకరు చదివి ఒప్పుకుంటేనే బయటకు వెళ్తుంది.

మాస్టారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

“నేనే” అన్నారు. “నా కె తీసేసి ఈ దండకం పెట్టారని విసుగేసింది. పేరు చదివాను. అర్థమైంది. ఇక లోపలేముందో చూడలేదు. అదేగా నీ పద్ధతిలో సుఖం, చూడక్కర్లేదనేగా ఇన్నేళ్ళూ నువ్వు నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది.”

“పేరు సరిగ్గా పెట్టమన్నాను మాస్టారూ. పేరు చూసి పని మానేయమనలేదు.”

“మనుషులు మానేస్తారమ్మాయ్. మనుషుల సంగతి నీకు తెలీదు.”

ఆ మాట నిజం. అది ఒప్పుకోవడానికి నాకు ఒళ్ళు మంట.

అప్పుడు చూశాను లైను పక్కన. ఏ లైను ఎవరు ఎప్పుడు రాశారో పక్కన చిన్న అక్షరాల్లో పడుతుంది. అక్కడ నా పేరు ఉంది.

నేను రాయలేదు. ఆ తేదీ పడిన వారం నేను గదిలో ఎక్కడున్నాను గనక? పొద్దున్న లేచింది మొదలు ఆసుపత్రిలో నర్సులకు ఫారం చూపిస్తూ తిరిగాను. మావారి కంప్యూటరు రిపేరుకు వెళ్ళింది. ఆయన నా సీట్లో కూర్చుని, నా కంప్యూటర్‌లో, నా పేరుతో నేను తెరిచిపెట్టి వెళ్ళిన లాగిన్‌లోనే పనిచేసుకునేవారు. మొగుడూ పెళ్ళాల మధ్య తాళాలేమిటని నేనే అన్నాను.

మాస్టారి వైపు తిరిగాను. ఆయనకు అప్పటికే తెలిసిపోయింది. ముఖం చూస్తే తెలుస్తోంది.

“ఆ వారం ఈ కుర్చీలో ఎవరు కూర్చున్నారో నాకూ తెలుసులే” అన్నారు మెల్లగా.

“అయితే పెద్దాయనకు మీరే చెప్పండి.”

“నేను చెప్తే చాడీ అవుతుంది. వాడి నోటితో వాడు చెప్పుకోవడం మర్యాద. చెప్తాడు. మా అక్క కొడుకు, నాకు తెలీదా వాడి సంగతి.”

కడిగిన డబ్బా తుడుచుకుంటూ మావారు వచ్చారు. మా ఇద్దరి ముఖాలూ చూసి గుమ్మంలోనే ఆగారు. స్క్రీన్ ఆయన వైపు తిప్పాను. చదివారు. ఆయన చదువుతుంటే పెదవులు కదులుతాయి, ముందు నుంచీ అంతే. చివరికొచ్చేసరికి ఆ పెదవుల్లో నెత్తురు లేదు.

“నువ్వే కదా పేర్లన్నీ పైన ఒక్కచోట పెట్టమన్నావు” అన్నారు.

“పెట్టమన్నాను. గిన్నె కడగడం మానేయమన్నానా?”

“అలా చేస్తే చదవడానికి బావుంటుందని...”

“ఏమండీ, అక్కడ ఒకావిడ చావుబతుకుల్లో ఉంది. బయట మా తమ్ముడు మీరు చేసిన పనికి సంతకం పెట్టడానికి కూర్చున్నాడు. బావుండటం గురించి తర్వాత మాట్లాడుకుందాం.”

ఆయన డబ్బా బల్ల మీద పెట్టారు. మూత ఊడి దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరకొచ్చింది. మాస్టారు కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డారు. మా ముగ్గురిలో ఎవరమూ దాన్ని తీయలేదు.

“నేను చెప్తాను” అన్నారు మావారు.

“పెద్దాయనకా?”

“ఆయనకే. నేను రాశానని చెప్తాను. పాపం, వాడేం చేశాడు. వాడిని ఇలా కూర్చోబెట్టడం నాకు మాత్రం ఇష్టమా?” అని నా చెయ్యి పట్టుకున్నారు. ఆఫీసులో నా వైపు నేరుగా చూడటానికే మొహమాటపడే మనిషి చెయ్యి పట్టుకుని నడిచారు. అరచేయి తడిగా ఉంది. నేను గట్టిగా పట్టుకున్నాను. పిచ్చిదాన్ని, ఆ వసారాలో నడిచినంతసేపూ గర్వపడ్డాను. తప్పు చేశారు, అయితేనేం, దాన్ని ఒప్పుకునే దమ్మున్న మనిషిని కట్టుకున్నానని పొంగిపోయాను. రేపటి నుంచి ఉద్యోగం లేకపోయినా ఏదో ఒకటి చేసుకు బతుకుదామని కూడా లెక్కలేసుకున్నాను. ఇవాళ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పెద్దాయన గదిలోకి అప్పటికే తమ్ముడిని పిలిచేశారు. వాడు కుర్చీ అంచున కూర్చున్నాడు. కాగితం ముందుంది, పెన్ను వేళ్ళ మధ్య ఉంది. నన్ను చూసి, “మా అక్క చంపేస్తుందని చెప్పానక్కా, వినలేదు” అన్నాడు గొణుగుతున్నట్టు.

“తప్పు వీడిది కాదు సార్, మన ఫారందే” అన్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆయన కంప్యూటర్‌లోనే ఫారం తెరిచి చూపించాను. టిక్కు పెట్టి ఒకటి పంపాను, పెట్టకుండా ఇంకొకటి పంపాను. రెండింటికీ ‘తోడు ఉన్నారు’ అనే వచ్చింది. ఆయన నన్ను జరగమని, తనే కూర్చుని, తన చేత్తో పంపి చూసుకున్నాడు. చెడ్డవాడని అనను. వ్యాపారం చేసుకునే మనిషి. తన డబ్బు కాలే చోట ఎవరి మాటా నమ్మడు, తన కళ్ళనే నమ్ముతాడు.

చాలాసేపటికి తల ఎత్తాడు. తమ్ముడి ముందున్న కాగితం లాక్కుని మధ్యకు చింపేశాడు.

“నువ్వు సంతకం పెట్టక్కర్లేదు” అన్నాడు.

తమ్ముడు నోరు తెరిచాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు చూసి నా కళ్ళు నిండిపోయాయి. పైటతో తుడుచుకున్నాను, ఎవరు చూస్తే నాకేం.

“కానీ ఆసుపత్రి వాళ్ళు ఊరుకోరు” అన్నాడు పెద్దాయన. “సాయంత్రం పోలీసులు వస్తున్నారు. ఆవిడ పరిస్థితి బాగాలేదని ఇందాకే ఫోను వచ్చింది. ఫారం తప్పు, కంపెనీ తప్పు అంటే వాళ్ళకి చాలదు. మనిషి కావాలి. ఎవరు రాశారో ఆ పేరు నేను ఇచ్చి తీరాలి. వాళ్ళు ఆ మనిషిని తీసుకెళ్తారు. ముందే చెప్తున్నాను, నేను అడ్డం పడను.”

మాస్టారు మా వెనకాలే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

“చెప్పండి. ఆ లైను రాసిందెవరు?”

నేను మావారి వైపు తిరిగి, ధైర్యంగా చెప్పండి అన్నట్టు తల ఊపాను. ఆ తల ఊపడం ఒక్కటీ వెనక్కి తీసుకోగలిగితే బావుండును. ఆయన నా చెయ్యి వదిలేశారు. వదిలి, ఆ చేతిని ప్యాంటుకు తుడుచుకున్నారు.

“మా ఆవిడ రాసింది సార్” అన్నారు.

నాకు వినపడింది. అర్థం కాలేదు.

“అంతంత పొడుగు పేర్లు ఈ ఆఫీసులో ఆవిడ తప్ప ఇంకెవరూ పెట్టరు సార్. ఎవరినైనా అడగండి” అన్నారు. నేల చూస్తూ మాట్లాడుతున్నారు. మాట మాత్రం తడబడలేదు. ఆ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేశాను, ఆయన అంత చక్కగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

పెద్దాయన తలుపు వైపు చూశాడు. “ఏం మాస్టారూ, నిజమేనా?”

నేనూ చూశాను. మావయ్యగారూ అని పిలవబోయాను. ఆయన కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. మేనల్లుడిని చూశారు. నన్ను చూడలేదు.

“లైను పక్కన పేరు ఆవిడదే సార్” అన్నారు.

అది అబద్ధం కాదు. ఎవరూ దాన్ని అబద్ధమని రుజువు చేయలేరు. ‘నువ్వు’ అన్నాను మావారి వైపు తిరిగి. పెళ్ళయ్యాక ఆయన్ని నేను నువ్వు అనడం అదే మొదటిసారి.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. పెన్ను ఇంకా వాడి చేతిలోనే ఉంది. మావారిని చూశాడు, మాస్టారిని చూశాడు, చిరిగిన కాగితాన్ని చూశాడు. ఆ తర్వాత నా దగ్గరకొచ్చాడు. ప్రపంచంలో ఎవరు ఏం చెప్పినా నమ్మే నా వెర్రి తమ్ముడు, నా ముఖంలోకి చూశాడు.

“నువ్వేనా అక్కా?” అన్నాడు.